దూరదేశములో విశ్రాంతి – శ్రావకుని దిగ్వ్రతము

తెలుగు జైన వర్తక కుటుంబములలో ఇటీవల ఒక క్రొత్త ప్రసంగము వినబడుచున్నది. 50 ఏండ్లు నిండగనే గద్దె కుమారునికి అప్పగించి, దంపతులిరువురును వెచ్చని దేశమొకదానికి పోయి, సగము పనియు సగము విశ్రాంతియుగా శేషకాలము గడపవలెనని కొందరి సంకల్పము. ఇంగ్లాండు, అమెరికాలలో ఏండ్ల తరబడి చలికి ఓర్చి సంపాదించిన బంధువులు ఈ మాటను ముందు తెచ్చిరి. మోకాళ్ళ నొప్పులు, మంచు, మధ్యాహ్నము గడువకమునుపే క్రమ్ముకొను చీకటి వారికి కారణములు. బళ్లారిలోను, చెన్నపట్టణములోను, బరంపురములోను, నాగపురములోను నివసించువారికి ఎండకు కరువు లేదు. అయినను వారును మలేషియాలోని పినాంగు, థాయిలాండులోని చియాంగ్ మాయి, మారిషసు అను పేర్లు చెప్పుకొనుచున్నారు. వారు కోరునది దుమ్ములేని వీథి, మంచి గాలి, చేరువలో నమ్మకమైన వైద్యశాల. అన్నిటికంటె మించి, ప్రొద్దున లేవగనే బాకీ గూర్చియో చందా గూర్చియో తలుపు తట్టు మనుష్యుడు లేకుండుట.

ఈ సంభాషణ ఎప్పుడును "ఏ దేశము మంచిది?" అను ప్రశ్నతో మొదలగును. అద్దె ఎంత, వైద్యమునకు ఎంత, వీసా ఎన్నేండ్లకు, రూపాయి విలువ పడిపోయిన గతి ఏమి – ఈ లెక్కలు వర్తకునకు ఒకరు నేర్పనక్కరలేదు. అయితే శ్రావకునకు ఈ లెక్కలకు ముందు విచారింపదగిన ప్రశ్న మరొకటి కలదు. పూర్వాచార్యులు దానిని వ్రతరూపముననే నిలిపియున్నారు.

శ్రావకుని పండ్రెండు వ్రతములలో అణువ్రతములైదును అందరికి తెలిసినవే. వాని తరువాత వచ్చు గుణవ్రతములలో మొదటిది దిగ్వ్రతము. తూర్పున ఇంతవరకు, పడమట ఇంతవరకు, ఉత్తరదక్షిణములందు ఇంతవరకు, పైకి ఇంత, క్రిందికి ఇంత. దీనిని దాటి వ్యాపారమునకు గాని భోగమునకు గాని పోనని గృహస్థు యావజ్జీవము హద్దు ఏర్పరచుకొనుటయే ఈ వ్రతము. నదులు, కొండలు, ఊళ్ళు హద్దురాళ్ళుగా చెప్పుకొనుట వాడుక. మొదట వినువారికి ఇది వింతగా తోచును. హింస పాపమనిన తెలియును, అసత్యము పాపమనిన తెలియును, నడకలో పాపమేమి? దీనికి ఆచార్యులు చెప్పిన సమాధానము వర్తకునకు తేలికగా బోధపడును. మనుష్యుని ఆశ ఎంత దూరము పోవునో అంత దూరము వాని క్రయవిక్రయములు, తగవులు, ఆరంభములు పోవును. హద్దుకు ఆవల వాడు చేయునది ఏమియు లేదు గనుక ఆ ప్రదేశమునకు సంబంధించినంతవరకు గృహస్థు కూడ మహావ్రతముల నాచరించినవానితో సమానుడగును. ఇంట నుండి కొట్టుకు, కొట్టు నుండి మండీకి తిరుగువానికి ఇంతకంటె సులభముగా దొరకు పుణ్యము లేదు.

ఓడలెక్కి దేశాంతరములకు పోయి వర్తకము చేసిన జనులకు ఈ వ్రతము చెప్పబడినదని మరువరాదు. పోవలదని వ్రతము చెప్పలేదు. ఎంతవరకో ముందుగా నిశ్చయించుకొమ్మన్నది. పినాంగును లోపల చేర్చుకొని హద్దు పెట్టుకొన్నను శాస్త్రమునకు ఆక్షేపణ లేదు. కావున దిగ్వ్రతమును అడ్డము పెట్టి విదేశవాసమే కూడదని కొందరు వృద్ధులు చేయు వాదము నిలువదు. క్షామకాలమున ఉత్తరదేశము విడిచి భద్రబాహుస్వామి సంఘము శ్రవణబెళగొళకు తరలివచ్చినదని చెప్పు సంప్రదాయము దక్షిణదేశ జైనులకు పవిత్రమైనది. స్థలము మారుట దోషమైనచో ఆ కథను అంత భక్తితో చెప్పుకొనుటకు వీలుండదు.

దోషమెక్కడ ప్రవేశించునో వ్రతమునకు చెప్పిన అతిచారములను చూచిన తెలియును. వానిలో ఒకటి క్షేత్రవృద్ధి. ఒక దిక్కున తాను వాడుకొనని దూరమును మరియొక దిక్కునకు కలుపుకొని హద్దు పెంచుకొనుట. పడమట నూరు క్రోసులు పెట్టుకొన్నాడు, అటు పని లేదు. తూర్పున లాభము కనబడినది. పడమటి ఏబదిని తూర్పుకు జమ వేసినాడు. మొత్తము సరిపోయినది కదా అని వాని వాదము. ఒక పేరున తగ్గించి ఇంకొక పేరున వ్రాసిన పద్దు ఎట్టిదో ఏ గుమాస్తా అయినను చెప్పగలడు. "అన్నియు తగ్గించుకొనుచున్నాను" అని విదేశమునకు బయలుదేరు గృహస్థునకు ఈ అతిచారము ముందుగా జ్ఞాపకము రావలెను. ఊరిలోని ఇల్లు అమ్మలేదు, సముద్రపు ఒడ్డున రెండవ ఇల్లు ఏర్పడినది. ఇక్కడి కారు ఇక్కడనే యున్నది, అక్కడ ఒకటి. ఇక్కడ మూడు బ్యాంకు ఖాతాలు, అక్కడ రెండు. పండుగలకు ఇటు, ఎండలకు అటు. పనిగంటలు తగ్గిన మాట నిజమే. క్షేత్రము మాత్రము పెరిగినది.

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద శ్రావకుని కథ పాఠశాల పిల్లలు కూడ ఎరుగుదురు. దానిని విశ్రాంతి కథగా చదువువారు మాత్రము తక్కువ. వాణిజ్యగ్రామమున ఆనందుడు గొప్ప గృహస్థు. 4 కోట్ల బంగారము నిక్షేపము, 4 కోట్లు వడ్డీ వ్యాపారము, 4 కోట్లు గృహసంభారము. 10,000 గోవుల చొప్పున నాలుగు మందలు. మహావీరస్వామి సన్నిధిని వ్రతములు గైకొన్ననాడు అతడు ఈ సంపదను పారవేయలేదు. ఇంతకు మించి చేర్చనని పరిమాణము చేసికొన్నాడు. దూరప్రయాణములకు 500 బండ్లు, ఇంటి చాకిరికి 500 బండ్లు అని లెక్క పెట్టినాడు. పండ్లు తోముకొను పుల్ల ఏది, ఒంటికి రాచుకొను నూనె ఏది, త్రాగు నీరు ఏది అనువరకు ఆ పట్టిక సాగినది. ధనవంతుడు తన సుఖములను ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పుకొని, తక్కినవాని జోలికి పోనని ఒప్పుకొనుట ఆ కథలో చూడముచ్చటైన భాగము.

అట్లు పదునాలుగేండ్లు గడిచినవి. పదునైదవ ఏట ఒక రాత్రి ధర్మచింతన చేయుచుండగా, పదిమంది పదివిధములుగా తనను అడుగుచుండుట తన సాధనకు అడ్డమగుచున్నదని అతనికి తోచినది. మరునాడు బంధుమిత్రులను పిలిచి భోజనము పెట్టి, అందరి యెదుట జ్యేష్ఠపుత్రుని కుటుంబమునకు పెద్దగా నిలిపి, ఒక మాట చెప్పినాడు. నేటి నుండి ఏ కార్యమును గూర్చియు తనను ఎవరును అడుగరాదు, మరల మరల సంప్రదింపరాదు, తనకొరకై అన్నపానములు సిద్ధము చేయరాదు. పిమ్మట ఇల్లు విడిచినాడు. ఎంత దూరము పోయినాడు? ఊరి చెంతనున్న కొల్లాగ సన్నివేశమునకు. అచ్చట తన జ్ఞాతుల పోషధశాల కలదు. అందులో దర్భలు పరచుకొని కూర్చున్నాడు.

పండ్రెండు కోట్ల ఆసామి, ఏ దేశమునకైన పోగల బండ్లు గలవాడు, నడచిపోగల దూరమున ఆగినాడు. ఇంటివారికి అతని ఆచూకీ తెలియును, కావలెనన్న ఒక గడియలో వచ్చి అడుగవచ్చును. వారిని ఆపినది దూరము కాదు, విందునాడు పదిమందిలో చెప్పిన ఆ మాట. నేటి గృహస్థు వేల మైళ్ళు పోవుచున్నాడు, ఆ మాట మాత్రము చెప్పకుండ పోవుచున్నాడు. "ప్రతిదానికి ఫోను చేయకుడు, సాయంకాలము ఒకసారి చేయుడు" అని చెప్పి విమానమెక్కుచున్నాడు.

ఆ "ఒకసారి" ఏమగునో చూడవలెనన్న దేశవ్రతము దగ్గరకు రావలెను. దిగ్వ్రతము యావజ్జీవము ఉండునది. దేశవ్రతము కొంతకాలమునకు ఆ హద్దునే ఇంకను కుదించుకొనునది. నేడు ఈ ఇల్లు దాటను, ఈ నాలుగు మాసములు ఈ పేట దాటను అనునట్టిది. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున దీనికి ఐదు అతిచారములు చెప్పబడినవి: ఆనయనము, ప్రేష్యప్రయోగము, శబ్దానుపాతము, రూపానుపాతము, పుద్గలక్షేపము. హద్దులో కూర్చున్నవాడు వెలుపలి వస్తువును తెప్పించుకొనుట మొదటిది. సేవకుని పంపి వెలుపలి పని చేయించుట రెండవది. దగ్గియో గొంతు సవరించియో అవతలివారికి సూచన చేయుట మూడవది. మాటాడక రూపము చూపి, సైగ చేసి పని జరుపుకొనుట నాలుగవది. మట్టిబెడ్డ విసరి, తాను ఇక్కడనే యున్నానని తెలుపుట ఐదవది.

గడప దాటకుండ, వ్రతము మాట తప్పకుండ, పని మాత్రము నెరవేర్చుకొను గృహస్థులను ఆ మహనీయులు కన్నులార చూచియుండవలెను. లేకున్న ఈ పట్టిక ఇంత సూక్ష్మముగా వచ్చియుండదు. దీనిని నేటి సామగ్రికి అన్వయించుటకు వ్యాఖ్యాత అక్కరలేదు. టెలిఫోను శబ్దానుపాతము. వీడియో కాలు రూపానుపాతము. కొరియరులో తెప్పించుకొనుట ఆనయనము, దలారిని పంపుట ప్రేష్యప్రయోగము. కొట్టువారి వాట్సాపు గుంపులో ప్రతి ఉదయము ఒక బొటనవ్రేలి బొమ్మ పెట్టి తాను చూచుచునే యున్నానని తెలుపుట పుద్గలక్షేపము కాక మరేమి?

బళ్లారిలో ప్రత్తి మండీ గల ఒక గృహస్థు పినాంగులో సగము విశ్రాంతి తీసికొనుచున్నాడని ఊహింపుడు. అక్కడి గడియారము ఇక్కడి దానికంటె రెండున్నర గంటలు ముందు. తెల్లవారి సముద్రతీరమున నడక, సామాయికము, స్వాధ్యాయము. బళ్లారి ఇంకను నిద్రలో ఉండును గనుక ఈ గంటలు నిజముగా అతనివే. ఇక్కడ పదిగంటలకు కొట్టు తెరచునప్పటికి అక్కడ పండ్రెండున్నర. అప్పటినుండి ఫోను మ్రోగుట మొదలు. రాత్రి ఎనిమిదిన్నరకు రోకడి సరిచూచి కొట్టు మూయువేళకు అక్కడ పదునొకండు గంటలు. బ్యాంకు పంపు ఓ.టి.పి. తండ్రి ఫోనునకే వచ్చునట్లు ఏర్పాటు ఉన్నందున, ఆయన నిదురించినచో 30 ఏండ్లు దాటిన కుమారుడు లారీ బాడుగ కూడ చెల్లింపలేడు. ధర పలుకుటకు ముందు "నాన్నగారిని అడిగి చెప్పెదను" అనుటను పార్టీలు వినుచునే యుందురు. వచ్చిన లాభము తండ్రిగారి అనుభవమునకును, వచ్చిన నష్టము కుమారుని తొందరకును వ్రాయబడును. ఇట్టి కుమారుడు కొట్టు యజమాని కాడు, గుమాస్తాయు కాడు. గుమాస్తాకైన నెల తిరుగగనే జీతము వచ్చును.

ఈ విషయమున దిగంబర సంప్రదాయము చెప్పిన ప్రతిమల వరుసలో ఒక విశేషమున్నది. సమంతభద్రస్వామి రత్నకరండక శ్రావకాచారములో శ్రావకుని మెట్లు పదునొకండు. ఎనిమిదవ మెట్టున ఆరంభత్యాగము, అనగా కృషి, వాణిజ్యము మొదలైనవి మానుట. తొమ్మిదవ మెట్టున పరిగ్రహత్యాగము. పదవ మెట్టున అనుమతిత్యాగము, అనగా ఇంటివారు చేయు లౌకికకార్యములకు ఔననియు కాదనియు చెప్పుట మానుట. గద్దె దిగుట ముందు, ధనము విడుచుట తరువాత, అభిప్రాయము విడుచుట వానికిని తరువాత. కోట్లు వదలుకొన్నవానికి కూడ సలహా వదలుకొనుట ఇంకను మిగిలియుండునని దీనివలన తెలియుచున్నది. వృద్ధులున్న ఏ ఇంటనైనను దీనికి దృష్టాంతము దొరకును.

50 ఏండ్లకే పదవ మెట్టు ఎక్కవలెనని ఎవరును నిర్బంధింపలేరు. ఇంకను పని చేయగల దేహము, చేయవలెనను కోరిక ఉన్నవాడు పని చేయుట తప్పు కాదు. కొట్టును వేరొక ఊరి నుండి నడుపుటయు తప్పు కాదు. కాని దానిని త్యాగమని పిలిచి, ఇంటివారిచేతను సంఘముచేతను త్యాగమనిపించుకొనుట ఖాతాలో లేని జమ చూపుట వంటిది.

ఇక దేశముల సంగతి. థాయిలాండు 50 ఏండ్లు నిండినవారికి విశ్రాంతవాసపు అనుమతి ఇచ్చుచున్నది. అచ్చటి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు నిలువ గాని, నెలకు 65,000 బాత్‌ల రాబడి గాని చూపవలెను. 90 దినముల కొకసారి నివాసము తెలుపవలెను. అచ్చట ఉద్యోగము చేయరాదు. మలేషియా 2002లో "రెండవ గృహము" అను పథకము పెట్టినది. 2021లో దాని షరతులను ఒక్కసారిగా బిగించి, నెలకు 40,000 రింగిట్ల విదేశపు రాబడియు 10 లక్షల రింగిట్ల డిపాజిట్టును అడిగినది. 2024లో మరల మార్చి మూడు తరగతులు చేసి, డిపాజిట్టు 1,50,000 డాలర్ల మొదలు 10 లక్షల డాలర్ల వరకు నిర్ణయించి, ఇల్లు కొనుట విధిగా పెట్టినది. భారత ప్రభుత్వము 2015 నుండి ఒక్కొక్క వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపుకొనుటకు సమ్మతించుచున్నది.

ఈ అంకెలలో శ్రావకుడు చూడవలసిన చిక్కు ఒకటున్నది. పరిగ్రహ పరిమాణ వ్రతము గృహస్థుని "ఎంతకు మించి ఉంచుకొనవు?" అని అడుగును. వీసా అధికారి "ఎంతకు తగ్గకుండ ఉంచుకొందువు?" అని అడుగును. వ్రతము పై గీత గీయమన్నది, అనుమతి పత్రము క్రింది గీత గీయమన్నది. రెంటికి నడుమ చోటుండవచ్చును, ఉండకపోవచ్చును. ఏటేట సంపదలో కొంత దానము చేసి తగ్గించుకొందమని సంకల్పించినవాడు పరదేశమున ఒక మొత్తమును కదల్పక ఉంచవలెను. ఆ మొత్తమునకు రూపాయలలో విలువ పెరిగినచో, తానేమియు చేయకయే వ్రతపు హద్దును దాటును. వ్రతము పట్టునాడే దీనిని లెక్కలో చేర్చుకొనుట మేలు.

మరియొకటి సత్యవ్రతమునకు సంబంధించినది. దరఖాస్తుపై "విశ్రాంతుడను" అని సంతకము పెట్టినవాడు మధ్యాహ్నము నుండి రాత్రి పదునొకండు వరకు బేరములు చేయుచున్నచో ఆ సంతకము ఎట్టిది? చట్టపు వెసులుబాటు ఎంతయున్నదో వకీలు చెప్పును. మనస్సుకు వకీలు అక్కరలేదు. అట్లే పన్ను తప్పించుకొనుటకై 182 దినముల లెక్క సరిచూచుకొనుచు రాకపోకలు సాగించువారు కలరు. చట్టము చెప్పిన ప్రకారము నిజముగా నివాసము మార్చినవానికి దోషము లేదు. విమానపు టిక్కెట్లతో నివాసము మార్చినట్లు కనబరచువాడు మాత్రము అచౌర్యవ్రతపు అతిచారములలో విరుద్ధరాజ్యాతిక్రమమనునది ఏల చెప్పబడినదో ఒకసారి చదివి చూడవలెను. దొంగ తూకములును, కల్తీ సరకును అదే సూత్రములో దాని ప్రక్కనే యున్నవి.

పరదేశపు అనుమతి ఎంత గట్టిదో యానామువారికి వేరుగ చెప్పనక్కరలేదు. యానామునకు ప్రక్కనున్న కోరంగి రేవు నుండి ఎందరో తెలుగువారు ఓడలెక్కి బర్మాకు పోయిరి. ఆ రేవు పేరు మీదనే అచ్చట తెలుగువారిని కోరంగీలనిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను పట్టణ జనములో సగమునకు పైగా భారతీయులు. 1942లో జపాను సైన్యము వచ్చినపుడు లక్షలమంది అడవులు, కొండలు దాటి కాలినడకను అస్సాము, బెంగాలు చేరిరి. త్రోవలో మరణించినవారు వేలు. మిగిలినవారును, మరల పోయినవారును 1964లో ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా చేతులూపుకొనుచు తిరిగివచ్చిరి. చెన్నపట్టణపు బర్మా బజారు అట్లు వచ్చినవారు నెలకొల్పుకొన్నదే. 1972లో ఉగాండా ఆసియావారికి 90 దినముల గడువిచ్చి వెళ్ళగొట్టినది. వారిలో జైన వర్తకులును కలరు. పినాంగులో నేడు అట్టి భయమేదియు లేదు. అయినను 2021లో షరతులు మారినపుడు, అచ్చటనే తుదివరకు ఉందుమని ఇల్లు వాకిలి అమర్చుకొన్నవారు ఉలిక్కిపడిరి. అరువది దాటిన పిదప మరల మూట కట్టవలసివచ్చిన ఎక్కడికి అను ప్రశ్నకు ముందే జవాబుండవలెను. ఊరిలోని ఇల్లు అమ్ముటయా మానుటయా అనునది దానినిబట్టి తేలును.

జైనుని దినచర్యకు వెచ్చని దేశము మేలు చేయు విషయమొకటి గలదు. రాత్రిభోజన త్యాగము పాటించువానికి ఇంగ్లాండు కష్టమైన దేశము. డిసెంబరులో నాలుగు గంటలకు ముందే సూర్యాస్తమయము, జూనులో తొమ్మిది దాటిన తరువాత. భూమధ్యరేఖకు దగ్గరనున్న పినాంగులో ఏడాది పొడుగున ఇంచుమించు ఏడు, ఏడున్నరల ప్రాంతమున సూర్యుడస్తమించును. చౌవిహారము అక్కడ సుకరము. లెస్టరు నుండియో న్యూజెర్సీ నుండియో కదలు వృద్ధ దంపతులకు ఇది చిన్న సౌకర్యము కాదు. ఆహారము విషయమున జాగ్రత్త వలయును. థాయిలాండున కూరగాయల వంటకములో కూడ చేపరసము పోయుదురు, మలేషియాలో ఎండురొయ్యల ముద్ద కలుపుదురు. థాయిలాండున "జే" అను శాకాహారములో మాంసము, పాలు, గ్రుడ్లే కాక ఉల్లి, వెల్లుల్లియు నిషిద్ధములు. జైనుని వంటకు చాల దగ్గర, అయినను దుంపల మాట అడిగి తెలిసికొనవలసినదే. మలేషియాలో ఇపో పట్టణమున జైనమందిరము కలదు. పినాంగు నుండి దాదాపు 150 కిలోమీటర్లు. నిత్యదర్శనమునకు కాదు, పర్వదినమునకు సరి. మారిషసులో తెలుగు కూలీల సంతతివారు ఉగాదిని సెలవుదినముగా జరుపుకొందురు. భాషకు తోడు దొరకును, మందిరము విషయము వేరు.

దొరకనివాడు ముని. పాదచారి యగు ముని సముద్రము దాటడు. ఆచార్య తులసీ 1980లో నెలకొల్పిన సమణ శ్రేణివారు విమానములలో విదేశములకు పోయి బోధించుచున్నారు, అది మేలే. కాని వీథిలో ముని వచ్చుచున్నాడని విని, ఇంటిముందు నిలిచి ఆహ్వానించి, ఆహారదానము చేయు భాగ్యము పినాంగు మేడమీద లేదు. అతిథిసంవిభాగ వ్రతమును బంధువులకు విందు చేసి పూర్తిచేయవచ్చుననుకొనువారికి ఇది లోటుగా తోచదు. ఇంట నలువది చాతుర్మాస్యములు చూచిన ఇల్లాలికి మాత్రము తోచును.

ఇల్లాలి మాట వచ్చినది గనుక అదియు చెప్పవలెను. విశ్రాంతి గూర్చిన లెక్కలన్నియు కొట్టు గూర్చినవి. వంటయింటి గూర్చి ఎవరును లెక్క వేయుట కానరాదు. ఇక్కడ కోడలు, పనిమనిషి, పిండిమర, తెలిసిన పాలవాడు. అక్కడ ఇరువురే. చేపరసము భయము వలన బయటి భోజనము మానినచో మూడుపూటల వంట ఆమెదే. ఆయన సగము విశ్రాంతి పొందినచో ఆమెకు ఉన్న విశ్రాంతి సగము పోవును. దేవాలయములో ప్రక్కన కూర్చుండి స్తవనములు పాడు స్నేహితురాండ్రు లేరు. దేశము ఎన్నుకొనుటకు ముందు ఈమె సమ్మతి అడిగితిమని చాలమంది చెప్పుదురు, అడిగిన ప్రశ్న "నీకు ఇష్టమేనా?" అనునదియే గాని "నీ దినము ఎట్లు గడచును?" అనునది కాదు.

50 ఏండ్ల గృహస్థునకు తరచుగా 75, 80 ఏండ్ల తల్లిదండ్రులు ఉందురు. శ్వేతాంబర సంప్రదాయము ప్రకారము వర్ధమానస్వామి తల్లిదండ్రులు జీవించియుండగా గృహము విడువనని గర్భముననే నిశ్చయించుకొన్నాడు. వారి మరణానంతరము అన్న నందివర్ధనుని కోరికపై మరి రెండేండ్లు ఆగి, ముప్పదవ ఏట దీక్ష గైకొన్నాడు. లోకమును తరింపజేయవలసినవాడే తల్లిదండ్రులకొరకు ఆగినపుడు, చల్లని గాలికై పోవువాడు ఆగలేననుట కష్టము. ఆగుట ఇష్టము లేనివారు తల్లిదండ్రులను గూడ తీసికొనిపోవుదుమందురు. ఎనుబది ఏండ్ల వృద్ధురాలికి తన ఊరి బసదియే లోకము. ఆమెను పెకలించి వేరొక నేలను నాటుట సేవయని పిలుచుటకు ముందు ఆమెనే అడుగవలెను.

గుమాస్తాల ఋణము వేరు. ముప్పది యేండ్లు ఒకే గద్దె క్రింద కూర్చుండి పద్దులు వ్రాసినవానికి యజమాని విశ్రాంతి తీసికొనుట అనగా పాత మాటలన్నియు చెల్లకపోవుట. కూతురి పెండ్లికి ఇచ్చెదనన్నది, ఇంటిస్థలము గూర్చి అన్నది, కాగితము మీద లేనివి, యజమానికి గుమాస్తాకు మాత్రమే తెలిసినవి. కుమారుడు వానిని ఎరుగడు, ఎరిగినను తనవిగా తలచడు. దీపావళికి పాత పుస్తకము మూసి క్రొత్తది తెరచునట్లు, ఈ నోటిమాటలను కూడ ఒక్కటొక్కటిగా వ్రాసి తీర్చిన తరువాతనే టిక్కెట్టు కొనుట న్యాయము. కొందరు ఈ పని కుమారునికి వదలిపోవుదురు. విశ్రాంతి మొదటి ఏడాదిలోనే వచ్చు తగవులలో చాలవరకు ఇచ్చటనే పుట్టును.

ఇవన్నియు తీర్చుకొని, తల్లిదండ్రుల భారము లేక, ఇల్లాలు మనఃపూర్తిగా ఒప్పుకొని, నిజముగా పోదలచినవానికి దేశవ్రతమే మార్గము చూపుచున్నది. అది కాలపరిమితి గల వ్రతము గనుక పరీక్షకు అనుకూలమైనది. విదేశమునకు పోకమునుపు ఒక చాతుర్మాస్యము నాలుగు నెలలు స్వదేశముననే, తన ఊరు కాని చోట, కొట్టుతో సంబంధము లేకుండ గడపి చూడవచ్చును. తెలంగాణములో కొలనుపాక, తమిళదేశమున కుందకుందాచార్యుల పాదములున్న పొన్నూరు కొండ, కర్ణాటకమున శ్రవణబెళగొళ, ఏదైనను సరియే. బయలుదేరుటకు ముందు ఆనందునివలె బంధువులను పిలిచి భోజనము పెట్టి ఆ మాట చెప్పవలెను. చెక్కులపై సంతకపు హక్కు కుమారుని పేర మార్చవలెను. ఓ.టి.పి. వచ్చు నంబరు మార్చవలెను. వాట్సాపు గుంపు నుండి తప్పుకొనవలెను. ఫోను ఉండవచ్చును, ఆరోగ్యమునకు, మనుమల మాటలకు.

మొదటి పదునైదు దినములు కఠినముగా నుండును. ప్రత్తి ధర పడిపోయినదని పత్రికలో చూచి చేయి తానుగా ఫోనువైపు పోవును. కుమారుడు ఒక లోడు తక్కువకు అమ్మి నష్టపోవును, ఆ సంగతి దీపావళి వరకు తండ్రికి తెలియదు. నాలుగు నెలలు నిండి ఊరికి వచ్చిననాడు పుస్తకము తెరచి ఆ నష్టపు పద్దును చూచి, ఏమియు అనక పుట మార్చగలిగినవానికి పినాంగైనను పొన్నూరైనను ఒకటియే; అతడు వీసా కాగితములు తెప్పించుకొనవచ్చును. ఆ పద్దు దగ్గర ఆగి "ఇది ఎవరిని అడిగి చేసితివి?" అని ప్రశ్నించినవాడు ఆ కాగితములను ఇంకొక ఏడాది సొరుగులో ఉంచి, మరుసటి చాతుర్మాస్యమునకు ఇంకొక క్షేత్రము చూచుకొనుట మంచిది.